సద్దుల నాడు మరో కంచం

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం సిద్ధిపేటలో కోమటిచెరువు దారులన్నీ పూలతో నిండిపోతాయి. ఇళ్ళలో పొద్దుటి నుంచే హడావుడి. మరి పక్షవాతం వచ్చి మంచాన పడిన అత్తగారో, మామగారో ఉన్న ఇంట్లో ఆ రోజు ఎలా గడుస్తుంది? ఇల్లాలు వంటింట్లో, ఆయా రోగి దగ్గర. పండుగ వాళ్ళిద్దరికీ అందదు, రోగికీ అందదు. ఆయాకు కూడా తన వాకిట్లో బతుకమ్మ పేర్చుకోవాలని ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టనే తట్టదు.

అందుకని ఈసారి సద్దులు మధ్యాహ్నానికే చేయండి. రోగి, ఆయా, మీరు కలిసి కూర్చుని తినండి. నాలుగు గంటలకల్లా ఆమెను జీతం కోయకుండా ఇంటికి పంపండి.

నలుగురికి అరకిలో బియ్యం చాలు. పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు - అయిదు రకాలు చేసినా తలా రెండు మూడు ముద్దలకు సరిపడితే చాలు. ఉప్పు కలపకముందే రోగి వంతు అన్నం విడిగా తీసి ఉంచండి. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచాడు, మించకూడదు. రక్తపోటు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. చింతపండు పులుపు, కరివేపాకు, ఇంగువ ఉంటే ఉప్పు తగ్గినా నాలుకకు తెలియదు. బజారులో దొరికే సోడియం తక్కువ ఉప్పులో పొటాషియం కలిసి ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. డాక్టరును అడగకుండా వాడవద్దు.

అన్నిటికంటే ముఖ్యం మింగడం. పక్షవాతం వచ్చిన వారిలో చాలామందికి గొంతు సరిగ్గా పనిచేయదు. ముద్ద శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియాకు దారితీయవచ్చు. నీళ్ళు తాగేటప్పుడు దగ్గు వస్తున్నదా? తిన్నాక గొంతు గరగరలాడుతున్నదా? అయితే నువ్వుల సద్ది, పులిహోరలోని పల్లీలు, శనగపప్పు, ఆవాలు వాళ్ళకు వద్దు. అన్నం మెత్తగా ఉడికించి, పెరుగుతో బాగా మెదిపి, తాలింపు వాసన మాత్రం తగిలేలా నూనె వడకట్టి కలపండి. మలీద పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. గోరువెచ్చని పాలలో నానబెట్టి మెత్తగా చేయాలి. చక్కెర వ్యాధి ఉంటే నిమ్మకాయంత చాలు, ఆ మేరకు అన్నం తగ్గించాలి. బెల్లం చక్కెర కాదనుకునేవారు ఇంకా ఉన్నారు! రక్తంలోకి వెళ్ళాక రెండూ ఒకటే.

పడుకోబెట్టి ఎన్నడూ తినిపించరాదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ముందు పెట్టిన ముద్ద మింగారని చూసుకున్నాకే రెండోది పెట్టండి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. ఎంత మెత్తగా, ఎంత చిక్కగా పెట్టాలో మీ డాక్టరు ముందే చెప్పి ఉంటే, పండుగ పేరు చెప్పి దాన్ని మార్చవద్దు. ముద్ద అడ్డుపడి మాట రాకపోతే, ముందుకు వంచి భుజాల మధ్య అరచేత్తో అయిదు సార్లు గట్టిగా కొట్టండి, ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మధ్యాహ్నం వండిన సద్దులు రాత్రి చెరువు గట్టున తినడం మనకు అలవాటు. ఆరోగ్యవంతులకే అది ఒక్కోసారి బెడిసికొడుతుంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా మూతపెట్టి గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. రోగికి వండిన రెండు గంటల లోపే పెట్టాలి. మిగిలింది వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కొబ్బరి సద్ది అన్నిటికంటే ముందు పాడవుతుంది.

వంటయ్యే లోపల రోగిని ఊరికే కూర్చోబెట్టవద్దు. తంగేడు, గునుగు ముందు వేయండి. కాడలు సరిచేయడం, పూలు ఏరడం బలహీనపడ్డ చేతికి మంచి వ్యాయామం. పది నిమిషాలు చేసి అలిసిపోతే సరే, మానేయనివ్వండి.

ఇక ఆయా కంచం సంగతి. అందరూ తిన్నాక వంటింటి మూల వేరే పళ్ళెంలో పెట్టడం, మిగిలింది మూటకట్టి ఇవ్వడం - ఇవి మన ఇళ్ళలో ఇంకా పోలేదు. రోగిని లేపి దింపీ నడుము పట్టేసిన మనిషి, ఆకలివేళకు తినని మనిషి, రోగిని ఎన్నాళ్ళు ఓపికగా చూస్తుంది? మీరు తినే కంచం లాంటి కంచంలోనే పెట్టండి. ముందురోజే అడగండి: "అక్కా, నీకు బీపీ, షుగరు ఉన్నయా? ఉపవాసమా?" ఆమె తినేటంతసేపూ రోగికి మీరు తినిపించండి. సగంలో లేపవద్దు.

ఆమె వెళ్ళేముందు రోగిని ఎలా పక్కకు తిప్పుతుందో, దిండు ఎక్కడ పెడుతుందో ఆమె చేతే చేయించుకుని చూసి నేర్చుకోండి. మంచాన ఉన్నవారికి పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్క మార్చాలి. రాత్రి మందుల వేళలు కాగితం మీద రాసి మంచం దగ్గర అతికించండి. బతుకమ్మ ఆడటానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి వెళ్ళకుండా, ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉండేలా వంతులు వేసుకోండి. మగవారికి కూడా ఒక వంతు వేయండి.