గోడకు దక్కిన రక్షణ బండికీ కావాలి: హోప్ టౌన్ ప్రజలకు విజ్ఞప్తి

ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసి, ఏడాది పొడవునా ఉప్పుగాలి వీచే అండమాన్ దీవుల్లోని హోప్ టౌన్‌లో మోటారు సైకిలు చక్రాలకు, ఇంజిన్ కవర్లకు మళ్లీ రంగు వేయడాన్ని ఎవరూ సోకుగా చూడరు. అల్యూమినియంపై తనంతట తాను ఏర్పడే ఆక్సైడ్ పొరను ఉప్పులోని క్లోరైడు తినివేయడంతో రంగు కింద తెల్లని పొడి ఊరి, లోహం గుంటలు పడుతుంది. చాథం, బాంబూఫ్లాట్‌ల మధ్య వాహనాల పడవెక్కే బండ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. కనుక పెరట్లో ఎమరీ పేపరు పట్టుకుని కూర్చునేవారిపై ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా వారికి అమ్ముతున్న డబ్బాపైనే.

మామూలు ఎనామిల్ అల్యూమినియాన్ని గట్టిగా పట్టుకోదు గనుక ముందుగా ప్రైమరు, అంటే లోహాన్నీ పైరంగునూ కలిపి ఉంచే పూత, వేయక తప్పదు. ఇందుకు దశాబ్దాలుగా వాడుతున్న పసుపు ప్రైమరులో ఉండేది జింక్ క్రోమేట్. ఇందులోని క్రోమియం మనుషులకు క్యాన్సర్ కలిగించేదని శాస్త్రలోకం ఏనాడో తేల్చింది. మెరిసే పసుపు, నారింజ రంగులకు వాడే లెడ్ క్రోమేట్‌లో దానికి సీసం కూడా తోడవుతుంది. పాత పూతను పొడిగా రుద్దినప్పుడు లేచే ధూళి రుద్దేవాని ఊపిరిలోకే కాక, అదే పెరట్లో పాకే పసివాని చేతికీ, నోటికీ చేరుతుంది.

దేశం 2000లో పెట్రోలు నుంచి సీసాన్ని తొలగించింది. 2016లో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనలు చేసి, 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని శాసించింది. ఆ శాసనం గోడ దగ్గరే ఆగిపోయింది! గోడకు ఆనించిన బండి రంగుకు అది వర్తించదు. ఒకే పెరడు, ఒకే బిడ్డ, ఒకే విషం. అయినా ఒక డబ్బాకు చట్టం, మరొక దానికి మౌనం. 1872 ఫిబ్రవరి 8న ఇక్కడి రేవులో వైస్రాయ్ మేయో హతుడైనప్పుడు సామ్రాజ్యమంతా హోప్ టౌన్ వైపు చూసింది. ఇక్కడి పిల్లల రక్తంలో చేరే సీసం కోసం ప్రభుత్వం ఇటు చూడడానికి మరో వైస్రాయ్ చావాలా?

ధర పెరుగుతుందనే వాదన నిలవదు, ఎందుకంటే క్రోమేట్‌కు బదులుగా వాడదగిన జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్లు బజారులో ఉన్నాయి. షాపుకు ఇచ్చి వేయించుకోవచ్చుననేవారు షాపు కుర్రవాని ఊపిరిని లెక్కలోకి తీసుకోలేదు.

కనుక 90 భాగాల పరిమితిని వాహనాల రంగులన్నిటికీ వర్తింపజేయాలి. క్రోమేట్ ఉన్న డబ్బాపై ఆ సంగతి హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు భాషల్లో పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. ఈ కోరికలతో ప్రతి కుటుంబమూ పంచాయతీ ద్వారా దీవుల పాలనాయంత్రాంగానికి అర్జీ పంపాలి. అంతవరకు పసుపు ప్రైమరు కొనకూడదు, పాత రంగును తడిపే రుద్దాలి, ఆ బురదను కాలువలోకి వదలక గుడ్డతో ఎత్తి డబ్బాలో మూయాలి, పిల్లలను ఆ పెరట్లోకి రానివ్వకూడదు.