చైనొక్కటే మారిస్తే పొదుపు కాదు

కాలు కింద పెట్టకుండా బండరాళ్లెక్కే ట్రయల్స్ బైకుల్ని మనం యూట్యూబ్‌లో చూస్తాం. మా కారంపూడి డొంకల్లో ఆ రాళ్ల మీద, మిరప బస్తాతో సహా, పాత స్ప్లెండర్లే తిరుగుతాయి. నాన్న కొన్న సెకండ్‌హ్యాండ్ బండీ అదే.

పోయినేడు చైన్ లూజైతే, డబ్బులు కలిసొస్తాయని చైనొక్కటే మార్పించా. కొన్ని నెలలకే మళ్లీ టకటక. స్ప్రాకెట్ చూస్తే పళ్లు కొక్కేల్లా వంగిపోయాయి. అవే కొత్త చైన్‌నీ తినేశాయి.

చైన్ సాగిందంటాం గానీ, నిజానికి లోపల పిన్నులూ బుష్‌లూ అరిగి లింకుల మధ్య దూరం పెరుగుతుంది. పిచ్ 12.7 మి.మీ. అంటే 20 పిచ్‌లకు 254 రావాలి. మాది 259 వచ్చింది. మెషిన్ డిజైన్‌లో చైన్ డ్రైవ్ చదివినా, ఇంట్లో బండికి స్కేలు పెట్టాలని తోచలేదు!

నేననేది ఒకటే: డబ్బు తక్కువున్నప్పుడే ముందు కొలవాలి. సీటు కవరు, సైడ్ ప్యానెళ్లు పాతవి తెచ్చుకున్నా నడుస్తుంది. చైన్, రెండు స్ప్రాకెట్లు మాత్రం సెట్‌గానే మార్చాలి. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ దగ్గరి బాణం గుర్తు గీతను చేరితే షూలు మార్చాల్సిందే. అక్కడ బేరం వద్దు. ఆ బండి మీద వెళ్లేది నాన్న.