శిక్షణ ఆమెకి, లెక్క ఎవరి దగ్గర?

"అంగన్‌వాడీలకు శిక్షణ ఇస్తూనే ఉన్నాం, వాళ్లే మారరు." అధికారుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మరి ఏ కార్యకర్త ఏం నేర్చుకుంది, ఇంకేం నేర్పమంటోంది? ఆ లెక్క ఎక్కడుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కార్యకర్తలను ఇదే అడుగుతూ వచ్చాను. పిల్లల బరువులకీ, గర్భిణుల వివరాలకీ, గుడ్లకీ, పాలకీ రిజిస్టర్లున్నాయి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ కూడా వచ్చిపడింది. ఆమె చదువుకు మాత్రం ఒక్క పేజీ లేదు. హాజరు సంతకం ఆఫీసులో ఉండిపోతుంది. "శిక్షణకి పోతే సంచి ఇస్తారు మేడం, కాగితం ఇవ్వరు" అంది రేపల్లె వైపు ఒకామె.

దీన్ని నిర్లక్ష్యం అనుకోను. 1975లో ఐసిడిఎస్ మొదలైనప్పటి నుంచీ ఆమెది 'గౌరవ' సేవ, ఆమెకిచ్చేది గౌరవ వేతనం. నేర్చుకున్నది రాసిపెడితే అది నైపుణ్యం అవుతుంది. నైపుణ్యం జీతం అడుగుతుంది, ప్రమోషన్ అడుగుతుంది. అమ్మతనం అనేస్తే ఆ ఖర్చు లేదు. అయితే 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కుందని తేల్చింది. 2023 డిసెంబరులో మొదలైన 42 రోజుల సమ్మె మీద 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా పెట్టింది. జీతమప్పుడు వలంటీరు, సమ్మెప్పుడు అత్యవసర ఉద్యోగి!

శిక్షణ పుస్తకం ఆమె చేతిలోనే ఉండాలి. తేదీ, విషయం, అర్థంకానిది, ఇంకా కావలసింది ఆమే రాయాలి. వచ్చే ఏటి శిక్షణ ప్రణాళిక ఆ పేజీల నుంచే తయారవ్వాలి. రాసే సమయం పనిగంటల్లో లెక్కకట్టాలి, లేకపోతే ఇదీ ఇంకో రిజిస్టరే.

సరే, మన సంస్థల్లో ఫీల్డుకి తిరిగే ఆడవాళ్లకి ఇలాంటి పుస్తకం ఉందా?