ధర పలికిన కుఱ్ఱవాడు

మన భాషలో ‘ధర పలుకుట’ అను చక్కని నుడికారము కలదు. నిజామాబాదు అంగడిలో పసుపు ధర పలుకును. కామారెడ్డిలో బెల్లము ధర పలుకును. సంతలో కోడెదూడ ధర పలుకును. సరకే పలికినట్లు చెప్పుదుము గాని, నిజమునకు సరకు నోరు విప్పదు, పలుకువారు కొనువారు. ఈ నుడికారము ఇటీవలి కాలమున మనుష్యులకు, అందును పదునెనిమిది, ఇరువది యేండ్ల కుఱ్ఱవాండ్రకు అన్వయించుచున్నది. ఇది యెంతవరకు సమంజసమో యోచింపవలసిన సమయము వచ్చినది.

సదాశివనగరము హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు పెద్దబాట మీద, కామారెడ్డికిని నిజామాబాదునకును నడుమ నున్న మండల కేంద్రము. నగరమునందలి క్రీడామైదానములు ఇచటికి వంద కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నవి. అయినను ఆటగాండ్ర వేలము జరిగిన మఱునాడు ఇచటి చాయ హోటళ్లలో సాగు చర్చ రాజధానిలోని చర్చకు ఏమాత్రమును తీసిపోదు. “అన్నా, గా పోరనికి అన్ని పైసలెందుకు పెట్టిన్రు?” అని ఒకడు. “నువ్వు జూస్తుండు, రెండేండ్లల్ల వాడే కప్పు తెస్తడు” అని మఱియొకడు. “ఒక్క మ్యాచి సుత ఆడలే, అప్పుడే గంత లేపుడెందుకు?” అని మూడవవాడు. మూడు మాటలయందును జట్టు మీద ప్రేమ కలదు. కాని మువ్వురును చేతబట్టిన కొలబద్ద యొక్కటే. అది పైకము.

తెలుగు బోధించు వాడను గావున ముందుగా మాటల సంగతి చెప్పెదను. ‘వేలము’ అచ్చ తెలుగు పదము కాదు. పోర్చుగీసు వర్తకుల నోట మన తీరమునకు చేరిన పదము. తెలంగాణమున వాడుకలో నున్న ‘హర్రాజు’ అరబ్బీ మూలము గలదై, ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. రెండును వర్తకము వెంట వచ్చిన మాటలే. ఈ రెంటికిని మనవారు ‘పాట’ అను తెలుగు పదమును జోడించి కొంత మార్దవము తెచ్చిరి. కాని పాట యెంత కమ్మగా నున్నను, దాని చివర సరకు చేతులు మారవలసినదే. ఈ పదములతో పాటు వాని పరివారమంతయు ఆటస్థలములోనికి ప్రవేశించినది. ఫలాని జట్టు ఫలాని బాలుని ‘కొన్నది’ అందుము. ఎవరును చేర్చుకొనని వానిని ‘అమ్ముడుపోలేదు’ అందుము. ఆ మాటను ఆ బాలుని తల్లి కూడ వినునన్న తలంపు మనకు కలుగదు.

‘అభిమాని’ అను మాటను కూడ తరచి చూడవలెను. సంస్కృతమున అభిమానమునకు ‘నేను, నాది’ అను గర్వము ప్రధానార్థము. తెలుగువారు ఆ పదమునకు ఆప్యాయత యను అర్థమును చేర్చుకొనిరి. ఆటను ప్రేమించు మన యువకులయందు ఈ రెండర్థములును పోరాడుచుండును. జట్టు గెలిచిన దినమున ఆప్యాయత పైకివచ్చును. ఓడిన దినమున ‘నాది’ అను గర్వము దెబ్బతిని, ఆ దెబ్బకు మూల్యము ఎవరో యొకరు చెల్లింపవలెనని కోరును. అప్పుడు కంటికి మొదట ఆనునది క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవాడే. వాని ధర అందఱికిని తెలిసియే యున్నది గదా!

హాకీనే తీసికొందము. ఈ యాట హైదరాబాదునకు క్రొత్తది కాదు. నగరవాసి యైన ముకేశ్ కుమారు 1992, 1996, 2000 సంవత్సరములలో వరుసగా మూడు ఒలింపిక్సులలో భారతదేశము తరఫున ఆడెను. మన పొరుగున నున్న నిజామాబాదు యువతి యెండల సౌందర్య భారత మహిళల జట్టులో స్థానము సంపాదించినది. 2005లో ప్రీమియరు హాకీ లీగు మొదటి పోటీలలో హైదరాబాదు సుల్తాన్సు జట్టు విజేత యైనది. ఆ లీగు 2008తో ముగిసినది. తరువాత 2013 మొదలు 2017 వఱకు నడచిన హాకీ ఇండియా లీగులో హైదరాబాదు పేరిట జట్టే లేదు. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలముతో హైదరాబాదు తూఫాన్సు అను జట్టు ఏర్పడి, తొలి యేటనే తుదిపోటీకి చేరి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాలు జట్టు చేతిలో 4–3 తేడాతో ఓడినది.

ఆ వేలమునందు ఒక నియమము కలదు. ప్రతి జట్టునందును 24 మంది ఆటగాండ్రుండవలెను. వారిలో నలుగురు తప్పనిసరిగా జూనియర్లు కావలెను. హైదరాబాదు జట్టు 68 లక్షల రూపాయలు వెచ్చించి తెచ్చిన గొంజాలో పెయిలాను గూర్చి అభిమానులు విశేషముగా ముచ్చటించుకొనిరి. అది సహజము, 2016లో అర్జెంటీనా తరఫున ఒలింపిక్సు స్వర్ణము, 2023లో జర్మనీ తరఫున ప్రపంచకప్పు గెలిచిన మేటి యతడు. కాని లీగు యొక్క భవిష్యత్తంతయు ఆ నలుగురు జూనియర్లను నియమించిన చిన్న నిబంధనయందే యున్నదని నా యభిప్రాయము. పెయిలా పండిన పంట; ఆ నలుగురు నారు. పంటను తూచు త్రాసుతో నారును తూచరాదు.

చెఱకు పండించు ఈ మండలపు రైతులకు ఈ విషయము విప్పి చెప్పనక్కఱలేదు. అడ్లూరు ఎల్లారెడ్డి చక్కెర కర్మాగారమునకు బండ్లు కట్టువారు ఎఱుగుదురు, చెఱకు నాటిన పది పన్నెండు మాసములకు గాని గడ నరుకుటకు రాదని. మూడవ మాసమున తోటకు పోయి గడ విఱిచి నమలి, తీపి లేదని తిట్టువానిని చూచి ఊరందఱును నవ్వుదురు. అట్టి యూరి బిడ్డలే మూడవ ఆటలో సున్నకు వెనుదిరిగిన కుఱ్ఱవానిని చూచి ‘పైసలు దండుగ’ అనుచున్నారు!

ధరకును యోగ్యతకును గల సంబంధ మెట్టిదో మన తెలుగునాటి క్రికెట్టు చరిత్రయే చెప్పుచున్నది. మహమ్మదు సిరాజు హైదరాబాదు నగరమున ఆటో నడుపువాని కుమారుడు. 2017 వేలమున 20 లక్షల మూలధర గల అతనికి సన్‌రైజర్సు జట్టు 2.6 కోట్లు పెట్టెను. మఱుసటి యేడు బెంగుళూరు జట్టునకు పోయెను. 2019లో బంతి సరిగా పడనప్పుడు, ‘మీ తండ్రితో పాటు ఆటో నడుపుకొనుము’ అని అభిమానులు పరిహసించిరని అతడే తరువాత చెప్పుకొనెను. ఆ తండ్రి 2020 నవంబరులో, కుమారుడు ఆస్ట్రేలియాలో నుండగా, కాలధర్మము నొందెను. సిరాజు అక్కడనే నిలిచి, ఆ డిసెంబరున మెల్‌బోర్నులో తొలి టెస్టు ఆడి, మఱుసటి నెల బ్రిస్బేనులో ఒకే ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసెను. 2023 ఆసియా కప్పు తుదిపోటీలో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చెను. 2025 ఆగస్టున ఓవలు మైదానమున 6 పరుగుల తేడాతో భారతదేశమును గెలిపించెను. 2019లో పరిహసించిన నోళ్లును, 2025లో జేజేలు పలికిన నోళ్లును వేఱు కావు. నడుమ మారినది ఆటగాని విద్య; దానికి పట్టినది కాలము.

విశాఖపట్టణపు నితీశ్ కుమారు రెడ్డిని 2023 పోటీలకు సన్‌రైజర్సు 20 లక్షలకే చేర్చుకొనెను. అప్పుడు అతనిని గూర్చి ఏ చాయ హోటలులోను చర్చ జరుగలేదు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్నులో అతడు శతకము చేసినప్పుడు ఆ ధరను తలచి అందఱును ఆశ్చర్యపడిరి. 2025 ఐ.పి.ఎల్.లో బ్యాటు మూగవోవగా, 6 కోట్లకు అతనిని ఉంచుకొన్నందుకు తిరిగి అందఱును నిష్ఠురములాడిరి. హైదరాబాదునందు విద్యుత్తు పనివాని యింట పుట్టిన తిలక్ వర్మను 2022లో ముంబయి జట్టు 1.7 కోట్లకు చేర్చుకొనెను. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో పాకిస్థానుపై ఆసియా కప్పు తుదిపోటీలో 69 పరుగులతో చివరి వఱకు నిలిచి గెలిపించెను. మూడు ధరలు, మూడు జీవితములు. ధరకును విధికిని నడుమ ఏ సూత్రమును కానరాదు.

తొందరపాటుతో మోపబడిన ఆశాభారమునకు అంబటి రాయుడు నిదర్శనము. పదునేడేండ్లు నిండక మునుపే ఇంగ్లండులో అండర్-19 ఆటయందు 177 పరుగులు చేసిన నాటినుండి అతనిని భావి మహావీరుడని కొనియాడనివారు లేరు. 2007లో అనధికార లీగునకు పోయి, 2009లో తిరిగివచ్చి, భారతదేశము తరఫున తొలి వన్డే ఆడునప్పటికి 2013 వచ్చినది. అతడు తక్కువవాడు కాడు. కాని పదునారేండ్ల బాలుని భుజములపై ఒక జాతి ఆశలన్నియు నుంచినచో నడక తడబడుట వింత కాదు.

విదేశములయందును ఈ వింత కలదు. ఉత్తర అమెరికాలోని మంచు హాకీ లీగున వేలము లేదు. యువకులను జట్లు వంతుల చొప్పున ఎన్నుకొనును. క్రితము యేడు వెనుకబడిన జట్లకు ముందు వంతు దక్కునట్లు ఏర్పాటు. బలహీనునికి మొదటి ముద్ద పెట్టు ఈ పద్ధతి వేలము కంటె న్యాయమని తోచును. అయినను అచటి అభిమానులు వరుస సంఖ్యనే ధరగా భావించి వాదించుకొందురు. 1993లో మొదటివాడుగా ఎన్నికైన అలెగ్జాండరు డేగ్ ఆ యాశలను నెఱవేర్పలేకపోయెను. 1998లో 171వ వాడైన పావెల్ దత్స్యూకును, 2000లో 205వ వాడైన హెన్రిక్ లుండ్‌క్విస్టును ఆ క్రీడయందలి కీర్తిమందిరమున స్థానము పొందిరి. జీవనోపాధియే పరిశీలనగా గల నిపుణులకు కానరానిది, పోటీకి ముందురోజు రాత్రి అంకెలు చదివిన మనకు కానవచ్చునా?

దీనికి యువకులు చెప్పు సమాధానము నేను వినకపోలేదు. “సార్, వేలమే లేకుంటె ఆటోవాని కొడుకు కోట్లు చూసునా? టిక్కెటు కొనేటోళ్లం మేమే గదా, అడుగొద్దా?” అందురు. మొదటి మాట సత్యము. పూర్వము రాజాశ్రయము లేని మల్లునకు ముసలితనమున గంజి కూడ కరవు. నేడు విద్యకు వెల దొరకుట ఆనందింపదగినదే. పేదయింటి దీపము వెలుగుట ఇంకను ఆనందింపదగినది. రెండవ మాటలోను సగము సత్యము కలదు. టిక్కెటు కొన్నవానికి ఆటను విమర్శించు హక్కు కలదు. కాని అతడు కొన్నది ఆటను చూచు హక్కును మాత్రమే, ఆటగానిని కాదు. “బంతి ఆవలికి జారునప్పుడు వీని పాదము కదలుట లేదు” అనుట విమర్శ. “వీనికి ఇంత దండుగ” అనుట బేరము. మొదటిదానివలన విన్నవానికి ఆట తెలియును. రెండవదానివలన అన్నవాని కోపము మాత్రము తెలియును. కావ్యమును విమర్శించువాడు కవి పుచ్చుకొన్న అగ్రహారముల లెక్క చెప్పినచో మనమంగీకరింతుమా?

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి అడుగబడకయే మిగిలిపోవుచున్నది. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టునందు మన గ్రామముల బాలురకు చోటు దొరకు మార్గమేది? హాకీ నేడు పచ్చిక మీద గాక కృత్రిమ తివాచీ మీద ఆడు ఆట. దానిపై అలవాటు లేని బాలుడు ఎంత చుఱుకైనవాడైనను పెద్ద పోటీలలో నిలువలేడు. 2025 జనవరిలో మహిళల లీగు మొదలైనప్పుడు నాలుగు జట్లు పాల్గొనెను. వానిలో హైదరాబాదు పేరే లేదు. సౌందర్య వంటి ఆడపిల్ల నిజామాబాదు నుండి మఱల పుట్టినచో ఏ జట్టును మనదని చూపింతుము? క్రొత్త కుఱ్ఱవాని ధరను గూర్చి వాదించుకొనుటకు వెచ్చించు శ్రమలో పదవ వంతు ఈ ప్రశ్న నడుగుటకు వెచ్చించినచో, జిల్లాకొక మంచి మైదానమైనను సమకూరును.

ధర పలుకని ప్రతిభ కూడ మన చెంతనే కలదు. పొరుగున నున్న తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదివిన మాలావతు పూర్ణ 2014 మే 25న పదునాల్గవ యేడు నిండకమునుపే ఎవరెస్టు శిఖరము నెక్కినది. ఆమె బయలుదేఱు దినమున ఆమెను గూర్చి పందెము వేసినవారు గాని, పాట పాడినవారు గాని లేరు. ఆమెకు దక్కినది తగిన శిక్షణ, నమ్మిన పెద్దలు, కొంత సమయము. మొలకకు కావలసినవి ఈ మూడే.

కావున ఈ మండలపు యువకులకు నేను చేయు విన్నపము చిన్నది. క్రొత్తగా జట్టున చేరిన కుఱ్ఱవానిని ‘కొన్నారు’ అనక ‘చేర్చుకొన్నారు’ అనుడు. ఎన్నిక కాని వానిని ‘అమ్ముడుపోలేదు’ అనక ‘ఈసారి పిలుపు రాలేదు’ అనుడు. మూడేండ్లు గడచుదాక తీర్పు చెప్పకుడు. 2025 ఏప్రిలు 6న ఉప్పల్ మైదానమున సిరాజు గుజరాతు జట్టు పక్షమున నిలిచి, తన యూరి జట్టుపైననే 17 పరుగులకు 4 వికెట్లు తీసినప్పుడు, చప్పట్లు కొట్టవలెనో మానవలెనో తెలియక తబ్బిబ్బైన తెలుగువారెందఱో! అట్టి వేళ ధర దారి చూపదు, జట్టు రంగు దారి చూపదు. ఆట దారి చూపును. బాగుగా ఆడినవాడు ఎవరివాడైనను మనవాడే యనుకొనగల హృదయము గలవానికే అభిమాని యను పేరు చెల్లును. పలికిన ధర ఏడాదికొకసారి మారును. నిలకడ లేని ఆ అంకెను పట్టుకొని, ఇంకను ఎదుగుచున్న బిడ్డకు వెల కట్టుట మన భాషకును మన మనస్సునకును తగదు.