విదేశ వాణిజ్య విద్యయు మన మెట్టభూములును

2014వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన జిల్లాలోని ఎల్లనూరు మండలమందలి బుక్కాపురము పేరు దేశమంతట వినవచ్చినది. ఆ గ్రామము పూర్వికుల ఊరుగా గల సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టు సంస్థకు ప్రధానాధికారి యయ్యెను. నాటినుండి కుమారుని అమెరికాకు పంపి ఎం.బి.ఏ. పట్టము తెప్పింపగోరు తండ్రులు ఈ యుదాహరణమునే చూపుచున్నారు. చూపుట తప్పుగాదు. కాని వారు సగము కథను మాత్రమే చెప్పుచున్నారు.

మిగిలిన సగ మిది. ఆయన 1988లో మణిపాలున ఇంజనీరింగు ముగించి, 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమున పట్టము పొందెను. 1992లో మైక్రోసాఫ్టున ఉద్యోగమున చేరి, దానిని విడువక, వారాంతములందు విమానముపై షికాగో నగరమునకు పోయి వాణిజ్య విద్య నభ్యసించి 1997లో పట్టభద్రు డయ్యెను. అనగా చేతిలో పనియు నెలజీతమును ఉండగా, అనుభవము సంపాదించుకొనుచు చదివిన చదువది. పనిపాటు లెరుగని ఇరువది రెండేండ్ల యువకుడు తండ్రి పొలమును కుదువబెట్టి చదువు చదువునకును దీనికిని పోలిక యెక్కడ?

మన రైతునకు జూదమనిన నేమో యొకరు నేర్పనక్కరలేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో, అదియు కాలమునకు రాని వర్షముతో, అప్పు తెచ్చి వేరుసెనగ విత్తి మబ్బువైపు చూచువాడాతడు. విదేశ విద్యార్థి స్థితియు నిట్టిదే. చదువు ముగిసిన పిదప అమెరికాలో సామాన్య వాణిజ్య పట్టమునకు పని చేయుట కొసగు అనుమతి 12 నెలలు. ఆ పట్టమును శాస్త్ర సాంకేతిక విభాగమున చేర్చియున్నచో మరి 24 నెలలు లభించును. రెండింటి పేరొక్కటే యైనను ఫలితమున నింత వ్యత్యాసము! తరువాత నిలుచుటకు హెచ్-1బి అనుమతి కావలెను. చట్టము ఏటికి నిర్ణయించిన సంఖ్య 65,000; అచ్చట ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000. లోకమంతటి యభ్యర్థులు వీనికై పోటీపడగా, చీట్లు తీసినట్లు ఎన్నుకొనుటయే అనేక సంవత్సరములు జరిగినది. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు వెలుపలినుండి క్రొత్తగా రప్పించు ఉద్యోగికై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన గావించెను. ఇంగ్లండు 2024 జనవరి మొదలు, పరిశోధనేతర కోర్సులు చదువు విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకొనుటను నిషేధించినది. పరదేశము తన యిష్టానుసారము తలుపు తీయును, మూయును. అప్పుపత్రముపై వ్రాలు మాత్రము మనది.

విదేశములకు పోవలదని మే మనుట లేదు. సముద్రయానమును పాపమనిన కాలము గతించినది, మరల రావలదు. అయినను పంపువారు ముందుగా విచారింపవలసినవి కలవు. ఆ పట్టము ఏ విభాగమున చేర్చబడినది? గత సంవత్సరమున పట్టభద్రులైన విదేశీయులలో నెందరికి పని దొరికినది? రూపాయి విలువ తగ్గినచో వాయిదా ఎంత పెరుగును? ప్రవేశమిప్పించు మధ్యవర్తికి కళాశాలనుండి ప్రతిఫలము ముట్టునా? ఈ కడపటి ప్రశ్న నడుగుటకు మనవారు మొగమాటపడుచున్నారు. ఎద్దును కొనునపుడు దళారిని నిలదీయువారికి ఇచట మొగమాటమేల?

ఇక స్వస్థలము సంగతి. పెనుకొండ చేరువ కొరియావారు స్థాపించిన మోటారు కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడనారంభించెను. పరదేశీయుడు సముద్రము దాటి యీ కరవునేలపై వాణిజ్యము చేయ వచ్చుచుండగా, మన చీనీతోటల కాపునకు ధర నిర్ణయించువాడు మాత్రము తోటవాడు గాడు. పంటను వేరుపరచి, నిలువజేసి, దూరపు విపణికి బేరమాడి పంపగల నిర్వాహకులు రైతుసంఘములకు కావలెను. సత్య నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్ గారు 1962లో ఐ.ఏ.ఎస్.లో ప్రవేశించి, గ్రామీణాభివృద్ధి పనిలో పేరుగాంచి 2019లో దివంగతులైరి. బుక్కాపురపు కీర్తిని చెప్పుకొనునపుడు ఆయన పేరు వినబడుట యరుదు.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ మేర్పడి 1981 నుండి నాలుగు దశాబ్దములు దాటినది. అచ్చట వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థిని ఒక కాలపరిమితి చీనీ మండీలోను, వేరుసెనగ నూనెమిల్లులోను, సహకార బ్యాంకులోను కూర్చుండబెట్టి లెక్కలు వ్రాయించుటకు కోట్ల ధనము అక్కరలేదు. రెండేండ్లిట్టి పని చేసి, చేతికి కొంత సొమ్ము వచ్చిన పిదప షికాగోకు పోదలచినవానిని మేమును రైలుస్టేషనువరకు సాగనంపుదుము. విశ్వవిద్యాలయాధికారులు ఈ విషయమై రాబోవు విద్యాసంవత్సరమునకు ముందే తమ యభిప్రాయమును ప్రకటింతురని ఎదురుచూచుచున్నాము.