కప్పు మరమ్మతు వేసవి పని

ఇల్లు కారినప్పుడే కప్పును గురించి ఆలోచించుట మన పల్లెలలో అలవాటు. అప్పటికి తొలకరి పడి ఉంటుంది. మేస్త్రి దొరకడు, దొరికినా అడిగినంత కూలి ఇవ్వక తప్పదు. తడిసిన స్లాబు మీద పూసిన పూత నిలువదు. చేతిలో ఉన్నది విత్తనాలకు, ఎరువులకు తెచ్చిన పంట రుణం. దానిని కప్పుకు ఖర్చు చేస్తే సాగు దెబ్బతింటుంది. వడ్డీ వ్యాపారి వద్దకు వెళితే ఇల్లే తాకట్టు పడుతుంది. కనుక కప్పును రబీ సొమ్ము చేతికి వచ్చే చైత్రంలోనే చూసుకోవాలని మా అభిప్రాయం.

ముందుగా మీ కప్పును మీరే పరిశీలించండి. పెంకుటిల్లు అయితే పెంకుల కన్న కర్రను ముఖ్యంగా చూడాలి. దూలాలు, వాసాలు గోడకు ఆనిన చోట ఉలితో పొడిచి చూడండి. ఉలి సులభంగా దిగితే ఆ కర్రను మార్చవలసినదే. కర్ర గట్టిగా ఉంటే పగిలిన పెంకులు మారిస్తే చాలు. కప్పు మొత్తం విప్పనవసరం లేదు.

స్లాబును కింది నుంచి చూడండి. చువ్వల వెంబడి గోధుమరంగు చారలు, పగుళ్ళు కనిపిస్తే లోపలి ఇనుము తుప్పు పడుతున్నదని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. తుప్పును గీకి తీయకుండా, పై నుంచి నీరు దిగే దారిని మూయకుండా సిమెంటు పూయుట జబ్బును కప్పిపుచ్చుటే. చువ్వ సన్నబడినా, స్లాబు కిందికి వంగినా మేస్త్రి మాట చాలదు, ఇంజనీరు చూడాలి.

రేకుల కప్పుకు గాలి శత్రువు. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీ తుపానులను ఉత్తరాంధ్ర వారు మరువలేరు. పెనుగాలి రేకును పైకి లాగుతుంది. అందుచేత చూరు అంచులలోను, కొప్పు వద్దను హుక్కు బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. రేకు మీద రాళ్ళు పెట్టుట రక్షణ కాదు. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది గనుక వాటిని విరిచి దుమ్ము లేపకుండా, నీళ్ళు చల్లి దించండి.

ఇక మేస్త్రితో ఒప్పందం. ఇద్దరు మేస్త్రీలను వేర్వేరుగా పిలిచి అంచనా అడగండి. గుత్త ధర ఒక్కటే చెబితే ఒప్పుకోకండి. పని ఎంత, సామాను ఎంత, కూలి ఎంత, పాత సామాను ఎవరిది, ఎన్నాళ్ళలో ముగించాలి, మళ్ళీ కారితే బాధ్యత ఎవరిది అన్న ఆరు సంగతులు కాగితం మీద వ్రాసి ఇరువురూ సంతకం చేయండి. కొత్త స్లాబు అయితే 7 నుంచి 10 రోజులు తడి ఆరకుండా నీళ్ళు పట్టే పని ఎవరిదో కూడా వ్రాయండి. మన ఊరి మేస్త్రిని కాగితం అడుగుట అవమానమని కొందరంటారు. మీరు మధ్యలో పని పెంచితే అదనపు కూలి అడుగుటకు అతనికి కూడా ఆ కాగితమే ఆధారం. అడ్వాన్సు నాలుగవ వంతు మించనీయకండి. మిగిలినది పని జరిగిన కొలది ఇస్తూ, పదవ వంతు మాత్రం మొదటి పెద్దవాన కురిసే వరకు నిలపండి.

సిమెంటు, ఇనుము అమ్మే వర్తక మిత్రులకు ఒక విన్నపం. 3 నెలలకు పైగా నిలువ ఉన్న సిమెంటు బలం తగ్గుతుంది. బస్తా మీది తేదీని చూపి అమ్మండి. అరువు ఇచ్చినప్పుడు నగదు ధరను, అరువు ధరను బిల్లులో వేరుగా వ్రాయండి. మోయలేని అప్పు చేసిన ఖాతాదారు వలన మీకూ నష్టమే.

చివరగా రుణం మాట. 2025-26లో 3 లక్షల రూపాయల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా చెల్లించిన వారికి 3 శాతం ప్రోత్సాహకం పోగా 4 శాతమే పడింది. కప్పుకు పెట్టిన పంట రుణం పంటగా తిరిగి రాదు. గడువు దాటితే ఆ ప్రోత్సాహకమూ పోతుంది. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో మరమ్మతుల కొరకు చేర్చిన 20 శాతం వ్యవసాయ ఆస్తులకే గాని ఇంటికి కాదు. పంటకోత అనంతర ఖర్చులకు, గృహావసరాలకు కలిపి చేర్చిన 10 శాతం నుంచి చిన్న మరమ్మతు సాగవచ్చు. పని పెద్దదైతే అంచనా కాగితంతో మీ శాఖకు వచ్చి గృహ మరమ్మతు రుణాన్ని విడిగా అడగండి. పంట అమ్మే నెలలకు వాయిదాలు పెట్టించుకోండి.

విత్తనాల మూటలు, ధాన్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ కప్పు కిందనే ఉంటాయి. ఈ ఏడు రోహిణి కార్తె రాకముందే ఆ పని ముగించండి.