డ్రిల్లు మాస్టారి జీతం

మా అపార్ట్‌మెంట్ల సంఘం మీటింగు గురించి రాయకూడదనే అనుకున్నాను. రాస్తే రేపు లిఫ్టులో ఎదురుపడినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. కానీ పోయిన ఆదివారం జరిగిన సంగతి వారం రోజులుగా గొంతుకి అడ్డంపడి కూర్చుంది. రాసేస్తే గాని అన్నం సయించేలా లేదు.

మేముండేది కొండాపూర్ వైపు. హైటెక్ సిటీకి పది నిమిషాలని బిల్డరు కాగితంలో అచ్చువేశాడు. ఏ అర్ధరాత్రి కొలిచాడో ఆ మహానుభావుడు! సరే, కింద ఈతకొలను ఉంది, జిమ్ము ఉంది, వాటి వెనక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. అక్కడ పొద్దున్నా సాయంత్రం పిల్లలకి ఆట నేర్పడానికి ఒక కోచ్ గారు వస్తారు. మా సంఘం ఆయనకిచ్చేది నెలకి 18 వేలు. ఒక నాలుగు వేలు పెంచమని ఆయన చీటీ రాసిచ్చారు. అది మీటింగులో ఏడో అంశం.

ఆరో అంశం గేటు దగ్గర ఫౌంటెన్‌కి రంగు దీపాలు. ఖర్చు 2 లక్షల 40 వేలు. రెండు నిమిషాల్లో చేతులెత్తేశాం. ఏడో అంశం నలభై నిమిషాలు నలిగింది.

"బంతి గిరాటెయ్యడం నేర్పడానికి ఇరవై రెండు వేలా!" అన్నారొకావిడ.

"రోజుకి నాలుగ్గంటల పని. అందులో సగంసేపు ఈల ఊదడమేగా" అన్నారింకొకాయన. అందరూ నవ్వారు.

రిటైరైన ఒక పెద్దాయన మాత్రం న్యాయంగా మాట్లాడారు. "అమ్మా, నేను పెన్షన్లోంచి మెయింటెనెన్స్ కడుతున్నాను. నా మనవలు అమెరికాలో ఉన్నారు. ఆ కోర్టు మొహం కూడా నేనెరగను. ఆ ఖర్చు నా నెత్తినెందుకు?" అన్నారు. ఆయనకి అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచింది, చెబుతాను.

చివరికి సెక్రటరీ గారు "వచ్చే మీటింగులో చూద్దాం. ఈయన కాకపోతే బోలెడుమంది దొరుకుతారు" అని ఫైలు మూసేశారు. కోచ్ గారు అప్పటిదాకా తలుపు పక్కనే నిలబడి ఉన్నారు. ఆయనకెవరూ కుర్చీ చూపించలేదు. నేనూ చూపించలేదు.

ఆ రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మా అన్నయ్య కొడుకు. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. మాటల్లో మా మీటింగు సంగతి చెప్పాను. వాడు పడీపడీ నవ్వి, "అత్తా, మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ జీతం తెలుసా నీకు?" అన్నాడు.

చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నేనే కాగితం, కలం తీసుకుని మళ్ళీ లెక్క వేసుకున్నాను. నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే ఇప్పటికీ భయమే.

ఆ కోచ్ పేరు బిల్ సెల్ఫ్. 2023 నవంబరులో కాన్సస్ యూనివర్సిటీ ఆయనతో కుదుర్చుకున్న ఒప్పందం అయిదేళ్ళకి 5 కోట్ల 30 లక్షల డాలర్లు. అంటే సగటున ఏడాదికి కోటీ ఆరు లక్షల డాలర్లు. మన రూపాయల్లో తొంభై కోట్ల పైమాటే. అదే 2023లో అమెరికాలోని కుటుంబాలన్నిటినీ ఆదాయం ప్రకారం వరసగా నిలబెడితే, సరిగ్గా మధ్యలో నిలబడే కుటుంబానికి ఏడాది మొత్తానికి వచ్చింది 80,610 డాలర్లు. ఇది వాళ్ళ జనాభా లెక్కల శాఖవారు చెప్పిన అంకె. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఉండొచ్చు. అలాంటి ఇళ్ళు నూట ముప్పై కలిస్తే గాని ఆ ఒక్క కోచ్ జీతం కాదు. ఈయన వింతమనిషేం కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థల జీతగాళ్ళందరిలోకీ ఎక్కువ తీసుకునేది గవర్నరూ కాదు, పెద్ద డాక్టరూ కాదు. ఏ యూనివర్సిటీలోనో ఫుట్‌బాల్ కోచో, బాస్కెట్‌బాల్ కోచో.

నేను ముక్కున వేలేసుకుంటే, "మార్కెట్ అత్తా, మార్కెట్! ఆయన వల్ల వచ్చే డబ్బులోంచే ఆయనకిస్తారు" అన్నాడు మావాడు. వాడు చదివేది డేటా సైన్సు. వాళ్ళకి అన్నిటికీ మార్కెట్టే జవాబు.

ఇక్కడే నాకు వాడితో పేచీ.

ఆ ఆటని కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు. 1891 డిసెంబరులో, చలికాలం నాలుగ్గోడల మధ్య కుర్రాళ్ళు పిచ్చెక్కిపోతున్నారని, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెండు పీచుపళ్ళ బుట్టలు బాల్కనీకి కొట్టించి ఆట మొదలెట్టాడు. 1898లో ఆయన వెళ్ళి చేరింది ఈ కాన్సస్ యూనివర్సిటీలోనే. ఆ జట్టుకి మొట్టమొదటి కోచ్ ఆయనే. తమాషా ఏమిటంటే ఆ యూనివర్సిటీ కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆ ఆట కనిపెట్టిన ఆయనొక్కడికే! 1936లో బాస్కెట్‌బాల్‌ని తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు, ఆయన్ని బెర్లిన్ పంపడానికి కోచ్‌ల సంఘంవారు చందాలు పోగుచెయ్యాల్సి వచ్చింది. ఇవాళ ఆ కోర్టుకి ఆయన పేరే పెట్టుకున్నారు. దాని చుట్టూ పదిహేను వేలమందికి పైగా కూర్చుంటారు.

నైస్మిత్ రోజుల్లోనూ ఆట ఉంది, నేర్పేవాడూ ఉన్నాడు. లేనిది టీవీ. కాలేజీ జట్ల వార్షిక పోటీల్ని చూపించే హక్కుల కోసం టీవీ కంపెనీలు 2010లో పద్నాలుగేళ్ళకి 1,080 కోట్ల డాలర్లు ఒప్పుకున్నాయి. ఆ డబ్బు పిల్లలకి ఆట నేర్పినందుకు వచ్చింది కాదు. మనం సోఫాలో కూర్చుని చూసినందుకు వచ్చింది. అసలు చెమటోడ్చి ఆడే కుర్రాళ్ళకి అందులో వాటా ఉందా అంటే, 2021 జులై దాకా తమ పేరుతో ఒక చిన్న ప్రకటన చేసుకుని నాలుగు డాలర్లు సంపాదించుకోవడానికి కూడా వాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. స్కాలర్‌షిప్పే మహాభాగ్యమన్నారు. కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వడానికి దారి తెరుచుకున్నది 2025లో, అదీ కోర్టుకెక్కాక. మా మేనల్లుడు దేవుడిలా కొలిచే మార్కెట్టు అన్నాళ్ళూ ఒకరికి తొంభై కోట్లు, ఇంకొకరికి సున్నా అని తీర్పు చెప్పింది.

"చూశారా, అమెరికావాళ్ళు!" అని మనం బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. అయిదేళ్ళ ఐపీఎల్ క్రికెట్‌ని చూపించే హక్కులు 2022లో 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. ఆ మర్నాటేడే మన హైదరాబాద్ జట్టు ఒక్క ఆస్ట్రేలియా బౌలర్‌ని ఇరవైన్నర కోట్లకి కొనుక్కుంది. మన కారిడార్‌లో అద్దాల మేడల కంపెనీల సంగతి వేరే చెప్పాలా? ఇన్ఫోసిస్ అధిపతికి 2024–25లో ముట్టింది 80 కోట్ల పైన. కాలేజీ నుంచి కొత్తగా వచ్చి చేరిన పిల్లకి ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షలు. చూసేవాళ్ళ దగ్గరా, కొనేవాళ్ళ దగ్గరా డబ్బు ఇక్కడా పారుతోంది. నేర్పేవాడి దగ్గరికొచ్చేసరికే ఇంకిపోతోంది.

ఇదే ఊళ్ళో రహీమ్ సాబ్ ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి బడిపంతులు. ఆయన తయారుచేసిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో కాన్సర్‌తో పోయారు. ఆయన మీద హిందీలో పెద్ద సినిమా 2024లో వచ్చింది. మా క్లబ్ హౌస్‌లో తెర కట్టి చూశాం కూడా. చివర్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళలో మొన్న "సగంసేపు ఈల ఊదడమేగా" అన్నాయనా ఉన్నారు.

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి డబ్బు చాలక ఇల్లు తాకట్టు పెట్టారు. అక్కడ తయారైనవాళ్ళే 2012లో సైనా కంచు పతకం, 2016లో సింధు వెండి పతకం తెచ్చారు. అలాంటి మనిషి 2025 ఫిబ్రవరిలో, ఆస్తిపాస్తులు లేనివాళ్ళు పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చదివి నాకు ఆయన మీద కోపం రాలేదు, భయం వేసింది. అంత పెద్ద కోచే అలా అంటే, ఆ పక్క వీధిలో పొద్దున్నే అయిదింటికి స్కూటర్ మీద వచ్చి శంకువులు పేర్చుకునే చిన్న కోచ్ తన కొడుక్కి ఏం చెప్పుకుంటాడు?

మర్నాడు కోర్టు దగ్గరికి వెళ్ళి మా కోచ్ గారితో మాట్లాడాను. పాటియాలా వెళ్ళి ఏడాది కోచింగ్ డిప్లొమా చేశారట. మాకెవరికీ తెలీదు, మేమెప్పుడూ అడగలేదు. మధ్యాహ్నం పూట ఒక స్కూల్లో పి.టి. మాస్టారుగా చేస్తే 12 వేలిస్తారు. రెండూ కలిపి 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. తెలంగాణ తలసరి ఆదాయం 2023–24లో మూడున్నర లక్షలు. తలసరి అంటే చేతికొచ్చే జీతం కాదు, తెలుసు. మా మేడ మీద మేనేజర్‌నీ, మెట్లు తుడిచే లక్ష్మినీ కలిపి భాగారం చేసిన అంకె అది. అయినా చూడండి, ఒక తలకి చెప్పిన లెక్కలో ఆయనింట్లో నాలుగు తలలు బతుకుతున్నాయి.

"మీరు పెంచకపోతే ఏం చేస్తారు?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. 'మీరు' ఏమిటి, 'మేము' కదూ! ఆయనే చెప్పారు. "రాత్రిళ్ళు ఎయిర్‌పోర్టుకి క్యాబ్ తోలితే ఇంతకన్నా వస్తుందట మేడమ్. పొద్దున్న ప్రాక్టీసుకి లేవలేనేమోనని ఆలోచిస్తున్నాను."

ఇప్పుడు నా తప్పు. మా అమ్మాయి ఆ కోర్టులో మూడేళ్ళు ఆడింది. మొదట్లో విడిగా ఎండాకాలం క్యాంపుకి మూడు వేలడిగితే, ఇద్దరు పిల్లలం చేరుతున్నాం కదా అని పక్కింటావిడా నేనూ బేరమాడి రెండున్నరకి దింపాం. కూరగాయల బండి దగ్గర గెలిచినంత సంబరపడ్డాం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి దాన్ని ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాం. ఈ కారిడార్‌లో కోచింగ్ అంటే అదొక్కటే కదా! ఫీజు 1 లక్షా 60 వేలు. బేరం మాట నోటికి రాలేదు. పైగా రసీదు తీసుకుని థాంక్స్ చెప్పి మరీ వచ్చాను. ఆ భవనంలో ఆరంతస్తులున్నాయి, పిల్ల కాలు చాపుకోవడానికి జానెడు మట్టి నేల లేదు. ఎలా ఉంటుంది? 2023 వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అలాంటి నేల మీద పిల్లలు గంతులేస్తే ఎవరు చూస్తూ ఊరుకుంటారు! ఆ యేడు మా పిల్ల బాస్కెట్‌బాల్ బూట్లు అటకెక్కాయి. ఇప్పుడు దానికి మెడనొప్పి. పదిహేనేళ్ళకి!

ఆ ఫౌండేషన్ మాస్టారుకి డబ్బెందుకిచ్చారని నేననను. లెక్కలు నేర్పడం కష్టమే, నన్నడగండి. కానీ ఆయన దగ్గర నా పిల్ల నేర్చుకునేది ఇంకొకరిని దాటి పోవడం. కోర్టులో, తనకి అందని బంతిని అందేవాళ్ళకి విసరడం నేర్చుకుంది. ఓడిపోయి ఇంటికొచ్చి అన్నం తినడం నేర్చుకుంది. ఈ రెండో విద్యకి మనం కట్టిన ఖరీదు నెలకి 18 వేలు, అదీ మూడొందల ఇళ్ళు పంచుకుని. ఇంటికి అరవై రూపాయలు. ఆయనడిగిన పెంపు ఇంటికి పదమూడు రూపాయలు చిల్లర.

మార్కెట్ అంటే ఏ ఆకాశంలోనో ఉంటుందని మా మేనల్లుడి నమ్మకం. పోయిన ఆదివారం అది మా క్లబ్ హౌస్‌లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని సమోసాలు తింది. కాన్సస్‌లో ఎవరో ధర కట్టారు, మనమేం చెయ్యగలం అనుకోవచ్చు. ఇక్కడ కట్టింది మనం. అందులోనూ సగం మందిమి ఆడవాళ్ళం, పిల్లల పెంపకం తమదే అని చెప్పుకునేవాళ్ళం.

పెన్షన్ పెద్దాయనకి బాకీ ఉన్న జవాబు ఇది. బాబాయిగారూ, మీ మనవలు అక్కడ చదివే ప్రభుత్వ బడికి, ఆ బడి మైదానానికి ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో కాస్త వాళ్ళనడగండి. ఆ ఊళ్ళో ఇల్లున్న ప్రతివాళ్ళూ ఇంటిపన్నుతో కడతారు. పిల్లలు లేనివాళ్ళూ, మనవలు దూరదేశంలో ఉన్న ముసలివాళ్ళూ కూడా. మీ మనవల కోసం ఎవరో తాతగారు అక్కడ కడుతున్నారు. ఇక్కడ మీరు కట్టాల్సింది పదమూడు రూపాయలు చిల్లర.

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు. ఏడో అంశాన్ని మొదటి అంశంగా పెట్టమని సెక్రటరీ గారికి కాగితం రాసిచ్చాను. కింద పదకొండుమంది ఆడవాళ్ళ సంతకాలున్నాయి. నాతోపాటు బేరమాడిన పక్కింటావిడది రెండో సంతకం. ఫౌంటెన్‌కి దీపాలు మాత్రం వచ్చేశాయి. నిన్న రాత్రి వెలిగించారు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం. చూడ్డానికి బాగానే ఉన్నాయి.